బొల్లావు తోలు

కిందటి వారం నేను ఈ కథ ఆపిన చోట, నది అవతలినుంచి గాడిద మీద వచ్చిన ఒక పెద్దావిడ మా దొడ్డి కంచెలోంచి చెయ్యి చాపి, బొల్లి పెయ్య ఎడమ చెవిని తడిమింది. ఆ చెవి చివర అర్ధచంద్రంలా కోసిన గుర్తు ఉంది. అది చూసి మా అమ్మ చేతిలోని పాలకుండ జారి పగిలింది. ఆవిడ అమ్మను పేరు పెట్టి ‘పులానే’ అంది. అమ్మ ‘సెతూన్యా’ అంది. ఇంకేమీ అనుకోలేదు.

మాలో అంతే. వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుని, తిని, పడుకుని లేచేదాకా ఏం పని మీద వచ్చావని అడగరు. అందుకని మర్నాడు పొద్దెక్కాక గానీ ఆ మాట బయటికి రాలేదు. అప్పటికే మా అన్నయ్య టెఫో, మామయ్య కలిసి మందను నీళ్ళకు తోలుకెళ్ళారు. దొడ్డి ఖాళీగా ఉంది. వాళ్ళు నీళ్ళకే వెళ్ళారని అమ్మా నేనూ అనుకున్నాం.

అది దొరల జెండా దిగి మా జెండా ఎగరడానికి ముందు ఏడాది. వానలు మొహం చాటేసి అప్పటికి నాలుగేళ్ళు. షోషోంగ్ కొండల కింద దారి పొడుగునా పశువుల ఎముకలు తెల్లగా కనిపించేవి. అలాంటి కరువులో కూడా మా దొడ్డి నిండుగానే ఉండేది. నాకప్పుడు పదిహేడేళ్ళు. మేం కలిగినవాళ్ళమని నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. దుక్కి రోజులొస్తే ఎద్దుల కోసం మా గుమ్మం ముందు ఊళ్ళోవాళ్ళు టోపీలు చేతిలో పట్టుకుని నిలబడేవారు. పక్క గుడిసెల పిల్లలు ఉత్త జొన్న సంకటి తింటుంటే మా సంకటి మీద పులిసిన పాలగడ్డలు కుప్పగా పడేవి. పెళ్ళికి వెళ్తే అమ్మను ముందు చాప మీద కూర్చోమనేవారు. ఆవిడ మాత్రం నెమ్మదిగా జరిగి జరిగి చాప అంచుకు, అక్కణ్ణించి నేల మీదికి పోయేది. ‘మా అమ్మకు ఎంత అణకువ’ అని మురిసిపోయేదాన్ని.

ఆ ఉదయం అమ్మ ముంగిట్లో పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. సెతూన్యా గోడ నీడన కాళ్ళు బారజాపి కూర్చుంది. చెప్పులు లేవు. మడమలు ఎండిన చెరువు మట్టిలా పగిలిపోయి ఉన్నాయి. కానీ తలకు కట్టుకున్న గుడ్డ మాత్రం చలువ చేసి, ముడి చక్కగా వేసి ఉంది.

“ఏమే పులానే, ఇంకా అలాగే కెలుకుతున్నావే. సగం సంకటి పొయ్యిలోనే పడుతోంది” అంది.

“నువ్వు దంచిన పిండి కంటే నయమే. సగం రాళ్ళే ఉండేవి” అంది అమ్మ తల ఎత్తకుండానే.

ఇద్దరూ నవ్వారు. ఒకే రోట్లో రెండు రోకళ్ళు వేసి దంచిన స్నేహితులని అప్పుడు నాకు తెలిసింది. సెతూన్యా నా వైపు తిరిగింది.

“నువ్వు పుట్టకముందు సంగతి పిల్లా. మా నాన్నకీ ఊరి పెద్దకీ మాట పట్టింపు వచ్చి, మా వాళ్ళంతా బండ్లు కట్టుకుని నది దాటి వెళ్ళిపోయారు. అప్పటికి మీ అమ్మకు కొత్తగా పెళ్ళయింది. ఉన్నవి నాలుగు ఆవులు. ఒక్కటీ పాలిచ్చేది కాదు. మా నాన్న మందలోంచి ఒక బొల్లావును తీసి తాడు మీ నాన్న చేతిలో పెట్టాడు. ‘మఫీసాగా, మేపుకోడానికి ఇస్తున్నాను. పాలు మీరు తాగండి, దూడ ఎదిగితే దున్నుకోండి. మేం తిరిగొచ్చినప్పుడు ఆవూ, దాని సంతతీ నా పిల్లవి’ అన్నాడు. బండి కదిలాక మీ అమ్మ వెంట పరిగెత్తింది. ఎంత దూరం పరిగెత్తావే?”

“ఏటి దాకా.”

“ఏటి దాకా. దుమ్ములో నువ్వు కనపడకపోయినా గాజుల చప్పుడు వినపడేది.”

అమ్మ కర్రతో సంకటి ఇంకా కెలుకుతూనే ఉంది. అది ఎప్పుడో ఉడికిపోయింది.

సెతూన్యా అక్కడి బతుకు చెప్పింది. నది అవతల తెల్లవాళ్ళ పొలాల్లో కూలి. ఒక చోట నాలుగేళ్ళు, ఇంకో చోట ఆరేళ్ళు. భర్త పోయాడు. ఆఖరున ఎవరి వంటింట్లో పని చేసిందో ఆ దొర, ఆవిడ చేతులు వణుకుతున్నాయని పోయిన పంట కాలంలో పంపించేశాడు.

“అక్కడ అందరికీ చెప్పేదాన్ని. మా ఊళ్ళో నాకొక ఆవుంది, బొల్లావు, నేను మీలాంటిదాన్ని కాదు అని. వాళ్ళకు అదొక వేళాకోళం అయిపోయింది. ఈ ఏడు దొర జీతం పెంచుతాడా అని ఎవరైనా అడిగితే, ‘ఆఁ, సెతూన్యా ఆవు ఈనిన రోజున’ అనేవారు. అననీ. రాత్రి పడుకునేముందు ఆ ఆవును తలుచుకునేదాన్ని. మేత మేస్తున్నట్టు, తోక విసురుతున్నట్టు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా నేను పేదదాన్నని అనుకోలేదు పులానే. నిజం.”

అమ్మ కర్ర ఆగింది.

“ఇక నా ఊళ్ళో చద్దామని వచ్చాను” అంది సెతూన్యా. “ఊరి చివర గోడ లేపుకోడానికి కొత్తగా వచ్చిన ఊరి పెద్ద చోటు ఇస్తాడట. కానీ ఆవు లేని విధవ మాట ఎవరు వింటారు? ఒక్క ఆవుంటే చాలు. పొద్దున్నే గిన్నె పట్టుకుని ఒకరి గుమ్మం ముందు నిలబడక్కర్లేదు. మా బొల్లావు ముసలిదైపోయి ఉంటుంది, తెలుసు. ఉందా? దాని దూడ ఒకటి ఉన్నా ఇవ్వు. నిన్న ఆ పెయ్యను చూశాను. దాని మనవరాలేమో అనిపించింది. నేను అత్యాశ పడను. ఒకటి చాలు.”

అమ్మ లేచి గింజల గుడిసెలోకి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు ఆవిడ చేతుల మీద ఉన్నది చూసి నాకు ఏమీ అర్థం కాలేదు. అది నా పక్క.

నేను పుట్టినప్పటినుంచీ ఆ తోలు మీదే పడుకున్నాను. నలుపూ తెలుపూ మచ్చల తోలు. మధ్యలో కుందేలు ఆకారంలో ఒక తెల్లమచ్చ ఉంటుంది. చిన్నప్పుడు ఆ కుందేలు చెవి మీద చెంప ఆనించుకుంటే గానీ నాకు నిద్ర వచ్చేది కాదు. చలికాలంలో దాని వాసన వెచ్చగా ఉండేది. ఒకసారి అన్నయ్య చెప్పుల కోసం దాని అంచు కొయ్యబోతే అమ్మ వాణ్ణి కొట్టింది. అమ్మ మమ్మల్ని కొట్టడం ఆ ఒక్కసారే చూశాను. ఏటా ఆవు కొవ్వు రాసి మెత్తబరిచేది. నా మీద ప్రేమ కొద్దీ నా పక్కను అంత జాగ్రత్తగా చూసుకుంటోందని నేననుకున్నాను. మఫీసా ఆవు చచ్చిపోతే దాని తోలు యజమానికి చూపించాలన్న సంగతి తెలియనిదాన్ని కాదు. ఆ తోలు ఈ తోలేనని మాత్రం తోచలేదు.

అమ్మ దాన్ని సెతూన్యా ఒడిలో పరిచింది.

“నువ్వు వెళ్ళిన పదకొండో ఏడు పోయింది. పాము కాటు. మాంసం మేం తినలేదు. తోలు పట్టుకుని ఆయన నది దాటి నీకోసం వెతికాడు, రెండుసార్లు. ఆ పొలంలో లేరు, ఇంకో పొలానికి పోయారు, అక్కడా లేరు అన్నారు.”

సెతూన్యా వేలితో కుందేలు మచ్చ చుట్టూ రాసింది. తర్వాత వంగి, సరిగ్గా నేను ఆనించుకునే చోటే చెంప ఆనించింది. నా పక్క నానుంచి ఎవరో తీసేసుకున్నట్టు అనిపించింది. అంత పెద్దపిల్లనై ఉండి కూడా నాకు ఏడుపొచ్చింది.

సెతూన్యా లేచి తోలును నాలుగు మడతలు పెట్టింది.

“మంచిదే. తోలు చూపించావు. నీ మీద ఏ మాటా లేదు” అంది. “దూడల మాట ఎత్తలేదంటే నా వంతుకు అవీ లేవన్నమాట. అయితే నేను ఇవాళ్టినుంచి పేదదాన్ని.” ఆ మాట అని చిన్నగా నవ్వింది. గాడిద తాడు అందుకోబోయింది.

ఎవరైనా వెళ్ళడానికి లేస్తే నేను ఇప్పటికీ ఆపబోతాను. ఇంకో చెంబు నీళ్ళు తాగి వెళ్ళమంటాను, తలుపు దగ్గర పనిలేని మాటలు అడుగుతాను. ఆ రోజూ అదే చేశాను. “నీళ్ళు తెస్తాను పెద్దమ్మా, ఎండగా ఉంది” అన్నాను. ఆవిడ ఆగింది. నేను కుండలో చెంబు ముంచుతూ అమ్మ మొహం చూశాను. అమ్మ ఖాళీ దొడ్డి వైపే చూస్తోంది. ఆ చెంబు నీళ్ళు తాగడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపే మా అమ్మకు మిగిలింది.

ఆవిడ తాగేసి చెంబు నాకిచ్చి, మూతి తుడుచుకుంది.

“కూర్చోవే” అంది అమ్మ.

“పొద్దెక్కుతోంది.”

“కూర్చోమంటున్నాను. ఆవు పోయింది గానీ, పోయేలోగా ఆరు ఈతలు ఈనింది. నాలుగు పెయ్యలు. ఆ పెయ్యలు ఈనాయి. వాటి పెయ్యలు ఈనాయి. దొడ్డిలో అర్ధచంద్రం గుర్తున్న ప్రతిదీ నీదే.”

సెతూన్యాకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఒక్కసారిగా అంతా అర్థమైంది.

ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు. ఆవుల చెవులు చదవడమే వచ్చు. మా మందలో రెండు గుర్తులు. కుడి చెవికి గాటు ఉన్నవి కొన్ని, ఎడమ చెవికి అర్ధచంద్రం ఉన్నవి మిగతావన్నీ. నాన్న పోయాక దూడల చెవులు కోసే పని అన్నయ్య మీద పడింది. మేం ఆడవాళ్ళం దొడ్డిలో అడుగు పెట్టం కదా, అమ్మ కంచె బయట నిలబడి, “తల్లి చెవి చూసి కొయ్యరా, తల్లి చెవి చూసి” అని అరిచేది. పాత అలవాటనుకున్నాడు వాడు. రెండూ మా గుర్తులే అనుకున్నాం.

నాన్న గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చి మంచం పట్టినప్పుడు అమ్మ ఏం అమ్మింది? కుడి చెవి ఎద్దు. ఆయన దినానికి ఏం కోసింది? కుడి చెవి ఆవు. అవి తగ్గిపోతూ వచ్చి, ముసలివీ బక్కవీ నాలుగు మిగిలాయి. “ఇంత మంద పెట్టుకుని మొగుడికి ఇంకో రెండు ఎద్దులు అమ్మలేకపోయిందా, పిసినిగొట్టు ముండ” అని బావి దగ్గర ఆడవాళ్ళు నేను వింటుండగానే అనేవారు. అమ్మకు చెబితే, “అననీ” అనేది. ఇందాక సెతూన్యా అన్నట్టే.

“ఎన్ని?” అంది సెతూన్యా.

పశువుల లెక్క పైకి చెప్పడం మాలో లేదు. ఎంత మంద ఉన్నవాడైనా ‘ఏవో నాలుగు’ అంటాడు. అమ్మ చెప్పలేదు. కంచె పొడుగునా చెయ్యి చాపి ఈ మూలనుంచి ఆ మూలదాకా చూపించింది.

సెతూన్యా సంతోషిస్తుందనుకున్నాను. కాళ్ళ మీద పడి ఏడుస్తుందేమో, అమ్మను వాటేసుకుంటుందేమో అనుకున్నాను. ఆవిడ చేసిందేమిటంటే, ఆ తోలును నేలకేసి కొట్టింది.

“ఎందుకు చెప్పావే?” అని అరిచింది. “ఇప్పుడెందుకు చెప్పావు? మిడతలొచ్చిన ఏడాది నా రెండో పిల్లకు పాలు లేవు. గంజి నీళ్ళు పట్టాను. పిల్ల వారం ఉంది. ఆ ఏడాది ఇక్కడ నా ఆవులు ఎన్ని ఈనాయే?”

అమ్మ జవాబు చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ ఆవిడకు ప్రతిదీ గుర్తే.

“ఐదు” అంది.

“ఐదు” అంది సెతూన్యా. “ఒకే ఒక్క ఆవుందని ధైర్యంగా బతికాను. ఇంత మంద ఉందని తెలిసుంటే ఆ దొర ఇంట్లో ఒక్కరోజు గిన్నె తోమేదాన్నా? ఒక్కటున్నప్పుడే నయం. అది పోతే ఒక్కదాని కోసం ఏడ్చేదాన్ని. ఇప్పుడు దేనికని ఏడవను?”

“నన్ను కొట్టు” అంది అమ్మ. “ముందు చాప మీద కూర్చోమన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఊరంతా కలిగినదానివి అంటుంటే ఆ నాలుగు బక్కవాటి వైపు చూసుకునేదాన్ని. నీ పాలు తాగి నా పిల్లలు పెరిగారు. అది నాకు తెలుసు. అయినా నీ దూడ ఒక్కటి కూడా అమ్మలేదు, కొయ్యలేదు. ఇన్నేళ్ళూ నిలబడ్డాను. పోయిన నెల...” అని ఆగింది.

“పోయిన నెల?”

“టెఫో పెళ్ళికి. పెళ్ళికూతురు బొంట్లే వాళ్ళు ఓలిగా ఎనిమిది ఆవులు అడిగారు. మూడేళ్ళు ఏదో వంక పెట్టి జరిపాను. వాడు నాతో మాట్లాడటం మానేశాడు. మా తమ్ముడు వచ్చి, ఇంత మంద ఉండి కొడుకును ఒంటరివాణ్ణి చేస్తావా అని తిట్టాడు. సరే అనేశాను. ముందు కుడి చెవివి నాలుగూ తోలండి, మిగతా నాలుగు తర్వాత చూద్దామన్నాను. తోలేది రేపు. ఇంకా తోల్లేదు సెతూన్యా. రాగానే వద్దని చెబుతాను.”

అప్పుడే వినిపించింది అన్నయ్య ఈల. మలుపు తిరిగి వస్తున్నాడు, కొత్త టోపీ పెట్టుకుని, చెవుల దాకా నవ్వుతూ. మంద వెనకాల రావాలి. రాలేదు.

“అయిపోయిందమ్మా!” అని దూరంనుంచే కేకేశాడు. “రేపటినుంచి దారిలో సర్కారు కంచె గేటు మూసేస్తారట, పశువులకు గాలికుంటు రోగం వచ్చిందని. మామయ్య తెల్లవారకముందే లేపాడు. ఎనిమిదీ తోలేశాం. మిగతావాటిని మామయ్య నీళ్ళకు పట్టుకెళ్ళాడు. వాళ్ళ ఆడవాళ్ళు సంతోషంతో నాలుక ఆడిస్తూ వేసిన కేకలు కొండకు తగిలి తిరిగొచ్చాయి. బొంట్లే వాళ్ళ నాన్న ఒక్కొక్క దాని వీపు తట్టి లోపలికి పంపించాడు.”

“ఏ ఎనిమిది?” అంది అమ్మ.

“మంచివే. ఆ కుడి చెవి బక్కవాటిని తోలుకెళ్తే మన పరువేం కావాలి? నవ్వరూ? వాటిని వదిలేసి అర్ధచంద్రాలే ఏరాను. బొల్లి పెయ్య ముందు నడిచింది. దాన్ని చూసి అందరి కళ్ళూ చెదిరాయనుకో.”

మా మొహాలు చూసేసరికి వాడి నవ్వు ఆగింది. అమ్మ వాడికి చెప్పింది. నిలబడే చెప్పింది, ఒక్కమాటా దాచకుండా. వాడు మొదట వేళాకోళం అనుకున్నాడు. తర్వాత టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎద్దుల కోసం మా గుమ్మంలో నిలబడేవాళ్ళ లాగానే.

“పిల్ల మంచిదేనా?” అంది సెతూన్యా.

“ఎవరు పెద్దమ్మా?”

“నా ఆవులు ఎవరి కోసం వెళ్ళాయో ఆ పిల్ల.”

తల ఊపాడు. “కాళ్ళు పట్టుకుంటాను పెద్దమ్మా. గనికి పోయి సంపాదించి...”

“మీ నాన్న పోయినట్టా? నోర్ముయ్.” ఆవిడ నేల మీది తోలు తీసి, దుమ్ము దులిపి, భుజాన వేసుకుంది. “ఇక్కడ నేనేమీ చెప్పను. ఈ గుమ్మంలో మీ అమ్మ మొహం చూస్తూ ఏ మాటన్నా అది నా మాట కాదు. నడుస్తూ ఆలోచించుకుంటాను.”

“మొసిదీ, నువ్వు తోడు వెళ్ళు” అంది అమ్మ నాతో. “నేను వెళ్తే మళ్ళీ ఏటి దాకా పరిగెత్తుతాను.”

గాడిదను అక్కడే వదిలేసి నడిచాం. కంచె దాటాక వెనక్కి తిరిగి చూశాను. అమ్మ ఖాళీ దొడ్డి ముందు నిలబడి ఉంది. చేతిలో మళ్ళీ సంకటి కర్ర ఉంది. చెయ్యి ఎత్తుతుందేమోనని చూశాను, ఎత్తలేదు. ఆ తర్వాత ఎన్నో ఇళ్ళు వదిలి వచ్చాను, ఎందరినో సాగనంపాను. నిద్రలోకి మాత్రం ఆ ఎత్తని చెయ్యే వస్తుంది.

ముళ్ళచెట్ల మధ్య దారి రెండుగా చీలే చోట సెతూన్యా ఆగింది.

“ఏది ఎటు?”

“కుడివైపు పెళ్ళివారి ఊరు. ఎడమవైపు ఊరి పెద్ద కొలువు, తగువులు తీర్చే చోటు.”

ఆవిడ తోలును దారి మధ్యలో పరిచి దాని మీద కూర్చుంది. కుందేలు మచ్చ మీద అరచెయ్యి పెట్టింది.

“చూడు పిల్లా. కుడివైపు వెళ్తే, ఆ ఎనిమిదీ నేనే ఇచ్చానని పదిమందిలో చెప్పాలి. మీ అన్న పెళ్ళి నిలబడుతుంది, మీ అమ్మ తల ఎత్తుకుంటుంది. కానీ ఈ కరువులో సత్తువున్నవి ఆ ఎనిమిదే, అవి పోయాక నాకు మిగిలేది ఈ కరువు దాటని ముసలివి, పాలు చాలని దూడలు. ఎడమవైపు వెళ్తే ప్రతి ఆవూ వెనక్కి వస్తుంది. మీ అమ్మ దొంగ అనిపించుకుంటుంది. నా పాలు తాగి, నా తోలు మీద పడుకుని పెరిగినదానివి నువ్వే. నీ మాటే నా మాట. చెప్పు, ఏ దారి?”

“నేనా?”

“నువ్వే. నాకింక బరువు మొయ్యడం చేతకాదు.”

ఎండ నడినెత్తికి వచ్చింది. దూరాన కొండ మీదుగా ఆడవాళ్ళ కేకలు సన్నగా వినిపిస్తున్నాయి. బొంట్లే ఇంట్లో ఇంకా సంబరం ఆగలేదు. పరిచిన ఆ తోలు వాసన నాకు అక్కడికే తెలుస్తోంది.

నేను చెయ్యి ఎత్తి చూపించాను.

ఆ దారే ఎందుకు చూపించానని మా అమ్మ బతికినన్నాళ్ళూ నన్ను అడగలేదు.